చెత్త బండ్లను ముందు కంప్యూటర్‌లో తిప్పి చూశాం

మమ్మల్ని అడిగిన ప్రశ్న ఒక్కటే: పొడి చెత్తను విడిగా సేకరించడం మొదలుపెడితే ఇంకా ఎన్ని బండ్లు కొనాలి? నిజానికి మున్సిపాలిటీ దగ్గర అప్పటికే ఒక జవాబు ఉంది. రోజూ వచ్చే చెత్త బరువును ఒక బండి మోయగల బరువుతో భాగించి, ఒక్కో బండి వేసే ట్రిప్పులతో మళ్లీ భాగించి, రిపేర్లకని పైన కొంచెం కలిపి తేల్చిన ఎక్సెల్ లెక్క అది. కొనుగోలు ఫైలు కూడా కదిలింది. అంత డబ్బు పెట్టే ముందు సిమ్యులేషన్‌లో, అంటే కంప్యూటర్‌లో ఒక నమూనా (మోడల్) నడిపి, ఒకసారి చూస్తే మంచిదని ఎవరో అనడంతో పని మా బృందానికి వచ్చింది. పని అయ్యేసరికి ప్రశ్నే మారిపోయింది. ఇలాంటి పనికి దిగేవాళ్లకు ఉపయోగపడుతుందని ఆ మధ్యలో జరిగింది రాస్తున్నాను.

సిమ్యులేషన్ అనగానే బండి ఏ దారిలో వెళ్లాలో కంప్యూటరే చెప్పేస్తుందని చాలామంది అనుకుంటారు. అది వేరే పని. బండ్లను తక్కువ దూరంలో ఎక్కువ చోట్లకు ఎలా పంపాలన్న సమస్యను 1959లో డాంట్జిగ్, రామ్సర్ అనే ఇద్దరు పెట్రోల్ ట్యాంకర్ల కోసం గణితంలోకి తెచ్చారు. చెత్త బండికి అది అచ్చంగా సరిపోదు. ట్యాంకర్ బంకు దగ్గర ఆగితే చాలు, చెత్త బండి వీధి వీధంతా తిరగాలి. ప్రతి వీధినీ కనీసం ఒకసారి చుట్టి, తక్కువ దూరంలో మొదలుపెట్టిన చోటికే రావడం ఎలా అన్నది 1960ల తొలినాళ్లలో ఒక చైనా గణితవేత్త లేవనెత్తిన ప్రశ్న. దానికి 'చైనీస్ పోస్ట్‌మన్ సమస్య' అనే పేరు స్థిరపడింది. మన పనికి ఇది దగ్గర. ఈ లెక్కలు మంచి రూట్ ఇస్తాయి. కానీ ఆ రూట్‌లో వెళ్లిన బండికి సెలవు మర్నాడు మామూలు కన్నా చాలా ఎక్కువ చెత్త తగిలితే, మధ్యలో హైడ్రాలిక్ పైపు పగిలితే, దించే చోట ముందే బండ్లు బారులు తీరి ఉంటే రోజు ఎలా ముగుస్తుందో అవి చెప్పవు. సిమ్యులేషన్ ఉన్నది దానికోసం.

డేటా దగ్గరే ఎక్కువ కాలం గడిచింది. ఇలాంటి ప్రాజెక్టుల్లో ఎక్కడైనా అంతే అనుకుంటాను. బండ్లను తూచే వే బ్రిడ్జి రికార్డులు బాగానే ఉన్నాయి: బండి నంబరు, వచ్చిన సమయం, నిండు బరువు, ఖాళీ బరువు. చూడగానే ఇక అన్నీ ఉన్నట్టే అనిపిస్తుంది. లేనిదేమిటో బండెక్కి తిరిగాక తెలిసింది. ఒక డ్రైవర్‌ని, బండి నిండిందని ఎలా తెలుస్తుందని అడిగాను. "బరువుతో ఏం పని సార్, తలుపు పడకపోతే నిండినట్టే" అన్నాడు. ఎక్సెల్ లెక్కలో బొక్క ఎక్కడుందో ఆ ఒక్క మాటతో బయటపడింది. తడి చెత్త బరువుగా ఉంటుంది, బండి మోయగల బరువు దాటకుండా చూసుకోవాలి. పొడి చెత్త అలా కాదు. ఖాళీ సీసాలు, అట్టపెట్టెలు, డబ్బాలు బరువు తూగవు, చోటు మాత్రం తినేస్తాయి. బరువు ప్రకారం సగం కూడా నిండని బండి చోటు ప్రకారం కిక్కిరిసి ఉంటుంది. అంటే పొడి చెత్తకు ట్రిప్పులను బరువుతో లెక్కగడితే తక్కువ వస్తాయి. పోనీ కాంపాక్టర్‌తో గట్టిగా నొక్కేద్దామా అంటే గాజు పగిలి కాగితంలో కలుస్తుంది, చదునైన సీసాలు కాగితంలాగే ప్రవర్తించి వేరుచేసే యంత్రాలను తికమక పెడతాయి. నొక్కే ఒత్తిడి పెంచితే రవాణా ఖర్చు తగ్గుతుంది, సరుకు విలువా తగ్గుతుంది. రెండింటి మధ్య ఎక్కడ ఆగాలో మోడల్‌లో ఒక మీటలా పెట్టుకోవాల్సి వచ్చింది.

స్టాప్‌వాచ్ పట్టుకుని బండ్లతో తిరిగి ఇంటి దగ్గర పట్టే సమయం, మలుపులు, రివర్స్ తీసుకోవడం, దించడం అన్నీ రాసుకున్నాం. ఇక చెత్తలో ఏముందో తెలుసుకోవాలంటే అడ్డదారి లేదు. బండి లోడును నేలమీద పోసి, కలిపి, చదునుచేసి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురుగా ఉన్న రెండింటిని తీసేసి, మిగిలినదాన్ని మళ్లీ కలిపి మళ్లీ నాలుగు చేయాలి. చేతితో ఏరగలిగినంతకు దిగేదాకా ఇదే పని. ఆ తర్వాత గ్లవ్స్ వేసుకుని కాగితం, ప్లాస్టిక్, లోహం, గాజు, ఆహార వ్యర్థం, మిగతావి విడదీసి తూచాలి. వారంలో ఒక్కరోజు చేసి ఊరుకుంటే లాభం లేదు, పనిరోజు చెత్త వేరు, సెలవురోజు చెత్త వేరు. ఏసీ గదిలో కూర్చుని మోడల్ రాసేవాళ్లందరూ ఒక్కసారైనా ఈ పని చేయాలని నా అభిప్రాయం. 'కాగితం' అని మనం ఒక గడిలో రాసే సంఖ్యలో ఎంత కాగితం కూరతో తడిసిపోయి ఎందుకూ పనికిరాకుండా ఉంటుందో అప్పుడు తెలుస్తుంది.

మోడల్ రాయడం గురించి పెద్దగా చెప్పేదేం లేదు. పైథాన్ ప్రోగ్రామింగ్ భాషలో సింపై అనే ఉచిత లైబ్రరీ (ముందే రాసిపెట్టిన కోడ్), రోడ్లకు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అనే ఉచిత మ్యాప్. సంఘటనల వారీగా నడిచే పద్ధతి: బండి బయలుదేరింది, వీధిలోకి వచ్చింది, నిండింది, వే బ్రిడ్జి దగ్గర వరుసలో నిలబడింది, దించింది, మళ్లీ వెళ్లింది. గడియారం ఒక సంఘటన నుంచి తర్వాతి సంఘటనకు దూకుతుంది, మధ్యలో ఏమీ జరగని నిమిషాలను వదిలేస్తుంది. ఇంటి దగ్గర పట్టే సమయం, చెత్త పరిమాణం, ప్రయాణ సమయం ఒకే సంఖ్యగా కాకుండా మేం కొలిచిన హెచ్చుతగ్గులతో పాచికలు వేసినట్టు ప్రతిసారీ కొత్తగా వస్తాయి.

కోడ్ సరిగ్గా పనిచేస్తోందో లేదో చూడటానికి ముందు దాన్ని చాలా చిన్న కేసుకు కుదించి, కాగితం మీద జవాబు తెలిసిన లెక్కతో పోల్చాం. ఈ లెక్కే తర్వాత అధికారులకు అన్నిటికన్నా బాగా అర్థమైంది, అందుకే ఇక్కడ వివరంగా చెబుతాను. ఒకే ఒక్క వే బ్రిడ్జి ఉందనుకుందాం. తూచి, దించి, ఖాళీ చేయడానికి సగటున 5 నిమిషాలు. బండ్లు సగటున 6 నిమిషాలకొకటి వస్తున్నాయి. ఎక్సెల్ ఏమంటుంది? ఐదు ఆరు కన్నా తక్కువ, కాబట్టి ఎవరూ ఆగక్కర్లేదు అంటుంది. కానీ బండ్లు గడియారం చూసుకుని రావు. ఒకసారి మూడు కలిసి వస్తాయి, ఒకసారి పావుగంట ఒక్కటీ రాదు. రాకలు, పట్టే సమయాలు రెండూ పూర్తిగా యాదృచ్ఛికం అనుకుంటే క్యూ సిద్ధాంతం (వరుసల గణితం) ఇచ్చే జవాబు: ఒక్కో బండి సగటున 25 నిమిషాలు వరుసలో నిలబడుతుంది. ఇప్పుడు ఇంకొన్ని బండ్లు కొన్నాం, రాకల మధ్య సగటు విరామం 6 నుంచి 5.5 నిమిషాలకు తగ్గింది. నిరీక్షణ 50 నిమిషాలకు చేరుతుంది. అర నిమిషం తేడాకు ఎదురుచూపు రెట్టింపు. మా చిన్న మోడల్ చాలా రోజులు నడిపితే ఈ రెండు సంఖ్యల దగ్గరికే వచ్చింది కాబట్టి క్యూ కోడ్‌ను నమ్మాం. బండ్లు చెత్త దించే అసలు యార్డులో రాకలు ఇంత యాదృచ్ఛికం కావు, నిజమైన సంఖ్యలు వేరు. కానీ గ్రాఫ్ గీస్తే వంపు ఆకారం ఒకటే: సామర్థ్యానికి దగ్గరపడే కొద్దీ వరుస ఉన్నట్టుండి పొడుగవుతుంది.

తర్వాత అసలు మోడల్‌ను పాత నెలల డేటాతో సరిచూసుకున్నాం. కొన్ని నెలల రికార్డులతో మోడల్‌ను సర్ది, దానికి చూపించని నెలలతో పోల్చాం. మొత్తం బరువు, ట్రిప్పుల సంఖ్య బాగానే కలిశాయి. అంతటితో ఆపేయొచ్చు. కానీ సిమ్యులేషన్ చేసేవాళ్లలో ఒక పాత పద్ధతి ఉంది, నాకు చాలా ఇష్టం: నిజమైన రోజు లాగ్ షీట్లూ మోడల్ పుట్టించిన లాగ్ షీట్లూ ఒకే ఫార్మాట్‌లో ప్రింట్ తీసి, కలిపేసి, పని తెలిసినవాళ్ల చేతికిచ్చి ఏది నిజమో ఏది కల్పితమో చెప్పమనడం. సూపర్‌వైజర్లు ముగ్గురూ నవ్వుతూనే మొదలుపెట్టారు, కాసేపట్లోనే మా షీట్లను పట్టేశారు. ఎలా అంటే, మోడల్‌లో ప్రతి బండీ సాయంత్రం ఖాళీగా షెడ్డుకు వెళ్తోంది. "షిఫ్టు అయ్యే టైముకు బండి సగం నిండి ఉంటే యార్డుకు ఎవరు పోతారండీ? అలాగే షెడ్డులో పెట్టేస్తారు, పొద్దున్నే పోయి దించుతారు" అన్నారు.

ఈ సంగతి ఏ రికార్డులోనూ లేదు. ఎవరూ దాచలేదు, అందరికీ తెలిసినదే కాబట్టి ఎవరూ చెప్పలేదు. దీన్ని మోడల్‌లో పెట్టగానే ఉదయం మొదటి గంట రూపురేఖలు మారిపోయాయి. రాత్రి చెత్తతో ఆగిన బండ్లన్నీ షిఫ్టు మొదలవగానే నేరుగా యార్డుకే వెళ్తాయి, ఒకేసారి. గేటు తెరిచేసరికి వరుస సిద్ధం. ఆ వరుసలో పోయిన సమయం వల్ల వీధుల్లోకి ఆలస్యంగా వెళ్తాయి, రెండో ట్రిప్పు ఆలస్యమవుతుంది, సాయంత్రానికి మళ్లీ సగం నిండి మిగిలిపోతాయి. మర్నాడు మళ్లీ అదే. బండ్ల కొరత అని అందరూ అనుకుంటున్నదానిలో చాలా భాగం ఈ చక్రమే.

అప్పుడు ప్రయోగాలు మొదలుపెట్టాం. ఒక ప్లాన్‌ను ఒకసారి నడిపి జవాబు చెప్పడం పాచిక ఒకసారి వేసి పాచిక గురించి మాట్లాడటమే, కాబట్టి ప్రతి ప్లాన్‌నూ వందలసార్లు, వేరువేరు యాదృచ్ఛిక సంఖ్యలతో నడిపాం. రెండు ప్లాన్లను పోల్చేటప్పుడు మాత్రం రెండింటికీ అవే సంఖ్యలు ఇచ్చాం. అంటే అదే చెత్త, అవే రిపేర్లు, అదే ట్రాఫిక్ ఉన్న రోజును రెండు ప్లాన్లూ ఎదుర్కోవాలి. అలాకాకపోతే ఒక ప్లాన్ బాగుందా, దానికి తగిలిన రోజులు బాగున్నాయా అన్నది తేలదు. చూడాల్సింది సగటు కూడా కాదు. ఇరవై రోజుల్లో ఒక రోజు వచ్చే గడ్డురోజున ఎన్ని వీధులు మిగిలిపోయాయన్నదే మాకు ముఖ్యం, ఎందుకంటే జనం ఫోన్ చేసేది ఆ రోజే.

ఫలితం ఊహించగలిగినదే, అయినా గదిలో ఉన్నవాళ్లకు మింగుడుపడలేదు. ఉన్న ఏర్పాటులోనే బండ్లు పెంచితే ఒక స్థాయి వరకు మేలు, తర్వాత ప్రతి కొత్త బండీ వరుసను పొడిగిస్తుంది తప్ప మిగిలిపోయే వీధులను తగ్గించదు. అదే బండ్లతో షిఫ్టు మొదలయ్యే సమయాలను అరగంట చొప్పున విడదీసి, యార్డును సాయంత్రం ఇంకాస్త సేపు తెరిచి ఉంచితే చక్రం తెగుతుంది. దానికి దించే ప్లాట్‌ఫారం ఇంకొకటి తోడైతే గడ్డురోజు కూడా మామూలు రోజులా గడుస్తుంది.

వేరుచేసే ప్లాంటును మోడల్‌లో చేర్చాక కథ ఇంకో మలుపు తిరిగింది. నా మటుకు ఈ ప్రాజెక్టులో అన్నిటికన్నా విలువైన భాగం ఇదే. ప్లాంటులో సరుకు బెల్టు మీద వెళ్తుంది. తిరిగే జల్లెడ చిన్న ముక్కలను రాలుస్తుంది, అయస్కాంతం ఇనుమును లాగుతుంది, ఎడ్డీ కరెంట్ యంత్రం అల్యూమినియాన్ని ఎగరేస్తుంది, ఇన్‌ఫ్రారెడ్ కళ్లు ప్లాస్టిక్ రకాలను గుర్తుపట్టి గాలి ఊది పక్కకు నెడతాయి. కార్బన్ బ్లాక్ అనే మసి రంగు కలిసిన నల్ల ప్లాస్టిక్ ఆ కళ్లకు కనపడదు, అది వేరే సంగతి. ఇవన్నీ బాగా పనిచేయాలంటే బెల్టు మీద సరుకు పలచగా పరుచుకోవాలి. బండ్లు ఒకేసారి వచ్చి దించితే నేలమీద కుప్ప పెరుగుతుంది, చోటు లేక బెల్టుకు ఎక్కువ ఎక్కిస్తారు, పొర మందమవుతుంది, ఒకదాని కింద ఒకటి దాక్కుంటుంది. వేరుచేశాక గట్టిగా నొక్కి కట్టే మూటల్లో, అంటే బేళ్లలో, మలినం పెరుగుతుంది. అంటే ఉదయం గేటు దగ్గర వరుస వల్ల పోయేది డ్రైవర్ల సమయం ఒక్కటే కాదు, సాయంత్రం అమ్మే బేలు నాణ్యత కూడా. రవాణా విభాగం, ప్లాంటు విభాగం వేరువేరు ఆఫీసులు, వేరువేరు రిపోర్టులు. రెండింటినీ ఒకే గడియారం మీద నడిపినప్పుడే ఇది కనపడింది.

మలినం ఎంత ఖరీదైనదో రీసైక్లింగ్ రంగానికి 2018లో బాగా తెలిసొచ్చింది. చైనా ఆ ఏడాది చాలా రకాల వ్యర్థాల దిగుమతిని ఆపేసి, మిగిలిన వాటిలో చాలా వాటికి మలినం 0.5 శాతం మించకూడదని షరతు పెట్టింది. అప్పటిదాకా అమ్ముడుపోయిన బేళ్లకు చాలా దేశాల్లో కొనేవాళ్లు లేకుండా పోయారు. అందుకే మోడల్‌లో సరుకు ధరను ఒక సంఖ్యగా పెట్టలేదు. ధర బాగున్న ఏడాది, పడిపోయిన ఏడాది, అసలు ఎవరూ కొనని ఏడాది అని విడిగా నడిపాం. బాగున్న ఏడాది లాభం చూపించే ప్లాన్లు చాలానే ఉంటాయి.

జనం ఎంతమంది చెత్త విడదీస్తారన్నదే తెగని విషయం. ఇంటింటినీ ఒక్కో పాత్రగా పెట్టి, పక్కింటివాళ్లను చూసి మారేలా రాయడానికి ఏజెంట్ పద్ధతి ఉంది. చూడ్డానికి చాలా బాగుంటుంది, తెర మీద వీధులు నెమ్మదిగా ఆకుపచ్చగా మారుతుంటే ఎవరికైనా ముచ్చటేస్తుంది. మా బృందంలో కుర్రాళ్లు దానికోసం పట్టుబట్టారు. నేను వద్దన్నాను. ఎవరిని చూసి ఎవరు ఎంత మారతారో కొలిచిన డేటా మా దగ్గర లేదు, ఆ సంఖ్యలు మేమే వేసి ఆ తర్వాత ఫలితం చూసి మేమే మురిసిపోవాలి. బదులుగా ఒక శ్రేణి పెట్టి నడిపాం. ఇక్కడ గుర్తుంచుకోవాల్సిన చిన్న లెక్క ఉంది. ఇళ్లలో 60 శాతం పాల్గొని, ఆ ఇళ్లవాళ్లు పనికొచ్చే సరుకులో 60 శాతమే సరైన డబ్బాలో వేస్తే బండికి చేరేది 36 శాతం. ప్లాంటులో అందులో ఐదో వంతు పోతే మిగిలేది 29 శాతం కూడా ఉండదు. ఒక్కో మెట్టు దగ్గర ఫర్వాలేదనిపించే సంఖ్యలు గుణించుకుంటే ఇక్కడికి వస్తాయి. 'పాల్గొనే ఇళ్లు 60 శాతం' అని పోస్టర్ మీద వేసేటప్పుడు ఈ గుణకారం ఎవరికీ గుర్తుండదు.

యార్డు ఎన్నేళ్లకు నిండుతుందన్న దీర్ఘకాల లెక్కకు వేరే పద్ధతి వాడాం. అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో జే ఫారెస్టర్ 1950లలో మొదలుపెట్టిన సిస్టమ్ డైనమిక్స్: నిల్వలు, ప్రవాహాలు, ఆలస్యాలు. కుళ్లే చెత్త వదిలే మీథేన్ గ్యాస్‌కు ఐపీసీసీ (ఐక్యరాజ్యసమితి వాతావరణ మార్పుల నిపుణుల సంఘం) ఇచ్చిన క్షీణత సూత్రం తీసుకున్నాం. దాని ప్రకారం వేడి, తేమ ఎక్కువ ఉన్న చోట పూడ్చిన ఆహార వ్యర్థం సగం కుళ్లడానికి సుమారు 2 ఏళ్లు, కాగితానికి సుమారు 10 ఏళ్లు. ఈరోజు తడి చెత్తను యార్డుకు పంపడం ఆపినా నిన్నటిది ఇంకా గ్యాస్ వదులుతూనే ఉంటుంది. మొదటి ఏడాదే తగ్గుదల చూపించమని అడిగేవాళ్లకు ఆ గ్రాఫ్ చూపించడం తప్ప వేరే సమాధానం లేదు.

అధికారుల ముందు పెట్టేటప్పుడు యానిమేషన్ మీద మాలో మాకు వాదన జరిగింది. బొమ్మ బండ్లు మ్యాప్ మీద కదులుతుంటే అందరూ ముందుకు వంగి చూస్తారు, అడిగే ప్రశ్నలు కూడా తగ్గిపోతాయి. ప్రశ్నలు తగ్గడమే నాకు టెన్షన్. కదిలేది నిజమని నమ్మేస్తారు. చివరికి ఉదయం మొదటి గంట మాత్రమే యానిమేషన్‌లో చూపించాం, ఎందుకంటే ఆ వరుస ఎలా పుడుతుందో మాటల్లో చెప్పడం కష్టం. మిగతాదంతా శ్రేణులు: గడ్డురోజున ఇన్ని నుంచి ఇన్ని వీధుల దాకా మిగలొచ్చు అని. "ఒక్క నంబర్ చెప్పండి చాలు" అని ఒకరు విసుక్కున్నారు. చెప్పలేదు. బండ్లు ఎన్ని అన్న ప్రశ్న పక్కకు పోయి, యార్డు ఎంతసేపు తెరవాలి, సాయంత్రం షిఫ్టుకు ఎవరిని పెట్టాలి, వాళ్లకు అదనపు భత్యం ఎలా అన్న దాని మీద మిగతా మీటింగ్ నడిచింది. డ్రైవర్ల తరఫు ప్రతినిధిని ముందే పిలవడం మంచిదైంది. షిఫ్టులు విడదీయడం మా తెర మీద ఒక క్లిక్, వాళ్ల ఇళ్లలో అలా కాదు.

కొనుగోలు ఫైలులో బండ్ల సంఖ్య తగ్గింది, ఆ డబ్బులో కొంత రెండో ప్లాట్‌ఫారానికి వెళ్లింది. ఊళ్లోని ఒక విభాగంలో ముందుగా అమలు చేస్తే ఉదయపు వరుస మోడల్ చెప్పినట్టే తగ్గింది. వీధుల్లో పట్టే సమయం మాత్రం మోడల్ చెప్పినదానికన్నా ఎక్కువైంది. ఇది ఏ డబ్బాలో వేయాలి, అది ఎందుకు తీసుకోరు అని గుమ్మం దగ్గర అడిగే ప్రశ్నలకు కార్మికులే జవాబు చెప్పాల్సి వస్తోంది. కొన్ని వారాలకు ఆ సమయం తగ్గుతూ వచ్చింది, ఆ తగ్గుదలను కూడా కొలిచి మిగతా విభాగాల ప్లాన్‌లో పెట్టాం. గాజును విడిగా తీసుకుంటే ఎలా ఉంటుందని ఇప్పుడు ప్లాంటువాళ్లు అడుగుతున్నారు. దానికి గుమ్మం దగ్గర ఇంకో డబ్బా ఖాళీ చేయడానికి ఎంతసేపు పడుతుందో ముందు తెలియాలి, ఆ కొలతలు నడుస్తున్నాయి.